గుర్రాల సంగతి తర్వాత, ముందు బ్రేక్ ఆయిల్ మార్చండి

వచ్చే నెలలో ఒక శని, ఆదివారాలు నేను రోడ్ అట్లాంటా ట్రాక్ మీద కారు నడపబోతున్నాను. మొదటిసారి. ఈ సంగతి బయటికి పొక్కినప్పటినుంచీ మా చుట్టుపక్కల తెలుగువాళ్ళు నన్ను రెండే రెండు ప్రశ్నలు అడుగుతున్నారు. కుర్రాళ్ళేమో "అన్నా, ఎన్ని హార్స్ పవర్?" అంటారు. పెద్దవాళ్ళేమో "ఇద్దరు పిల్లల తండ్రివి, నీకిదేం పోయేకాలమయ్యా?" అంటారు. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావని ఇంతవరకూ ఒక్క మానవుడు కూడా అడగలేదు.

ఈ రెండు పార్టీలతోనూ నాకు పేచీ ఉంది. పైకి ఉప్పూ నిప్పూలా కనిపిస్తారు గానీ ఇద్దరూ చేస్తున్న పొరపాటు ఒకటే. వేగమంటే కాలికింద యాక్సిలరేటర్ అని ఇద్దరి నమ్మకమూను. ఒకరికి అది ముద్దు, మరొకరికి భయం, అంతే తేడా. నేను చెప్పదలుచుకున్నది చిన్న ముక్క: వేగానికి తయారవడమంటే ఆగడానికి తయారవడం. ట్రాక్ మీదకి వెళ్ళేవాడిని ఆ తయారీ లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. రోజూ హైవే మీద ఎనభైలో పోయే మనల్ని మాత్రం అడిగే నాథుడు లేడు. నా గొడవంతా అక్కడే.

తెలియనివాళ్ళ కోసం కాస్త పరిచయం. రోడ్ అట్లాంటా ఉన్నది జార్జియాలో, బ్రాసెల్టన్ అనే చిన్న ఊరి దగ్గర. జాన్స్ క్రీక్, సువానీ, కమ్మింగ్ లాంటి మనవాళ్ళు దండిగా ఉన్న ఊళ్ళనుంచి గంటలోపు ప్రయాణం. 1970లో మొదలైంది. 2.54 మైళ్ళ పొడవు, పన్నెండు మలుపులు, గుట్టల మీద ఎక్కుతూ దిగుతూ సాగుతుంది. పెటీ లె మాన్ అనే పేరున్న పెద్ద పందెం 1998లో పుట్టింది ఇక్కడే. 2018లో పేరుకి ముందు మిషెలిన్ అని తగిలించారు గానీ జనం ఇంకా పాత పేరుతోనే పిలుస్తారు. ఏడో మలుపు తర్వాత వెనకవైపు పొడుగాటి స్ట్రెయిట్ ఒకటుంది. బలమైన కారుకి దాని చివర గంటకి 120 మైళ్ళు దాటడం నల్లేరు మీద బండి నడక. అక్కడ గట్టిగా బ్రేకు తొక్కి జంట వంపు తిరగాలి. తిరిగాక వంతెన కిందనుంచి గుట్ట దిగాలి. వంతెన దాటేదాకా అవతల రోడ్డెలా ఉందో కంటికి కనపడదు. మొదటిసారి వెళ్ళేవాడికి ఇది పిల్లలాట కాదు.

అలాగని నేను వెళ్తున్నది పందానికీ కాదు. హై పెర్ఫార్మెన్స్ డ్రైవింగ్ ఎడ్యుకేషన్ అంటారు దీన్ని. పోర్షె క్లబ్బులు, బీఎండబ్ల్యూ క్లబ్బులు, నాసా (రాకెట్ల నాసా కాదులెండి, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్) లాంటివాళ్ళు దేశమంతా ఇలాంటివి నడుపుతుంటారు. గడియారం పట్టుకుని ల్యాపులు లెక్కపెట్టరు, కప్పులివ్వరు. అనుభవాన్నిబట్టి జట్లుగా విడదీస్తారు. ఒక్కో విడత ఇరవై, ముప్ఫై నిమిషాలు. మధ్యలో తరగతి గదిలో పాఠాలు. కొత్తవాళ్ళ పక్క సీట్లో గురువు కూర్చుంటాడు. ఆయన సరేననేదాకా ఒంటరిగా వదలరు. ముందున్నవాడు చేత్తో సైగ చేసి దారిస్తేనే దాటాలి, అదీ చెప్పిన చోట్లలోనే. వినడానికి వీధిబడిలా ఉంది కదూ? నిజంగా బడే.

ముందు కుర్రాళ్ళ సంగతి చూద్దాం.

తమ్ముళ్ళూ, మీరంటే నాకు కోపం లేదు. ఎమ్మెస్ అప్పు తీరకముందే వి8 కారు కొనడం మీ ఇష్టం. ఆ మోజు నాకూ తెలుసు. కానీ ట్రాక్‌కి వెళ్దామనుకున్న క్షణంలో మీరు మొదట కొనేది ఏమిటి? ఊరంతా లేచి కూర్చునే సైలెన్సర్. తర్వాత ఇంజన్‌కి ఇంకో ఇరవై గుర్రాలు. తర్వాత స్టిక్కర్లు. కారుని ముందుకు తోసే సామానంతా కొంటారు, ఆపే సామాను ఒక్కటీ కొనరు.

కాస్త పదో తరగతి ఫిజిక్సు చేద్దాం. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. అంచేత 120 మైళ్ళనుంచి 60కి దిగడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి, 60నుంచి పూర్తిగా ఆగిపోవడానికి కావలసినదానికి మూడు రెట్లు. 1700 కిలోల కారుకి లెక్క కడితే సుమారు 18 లక్షల జౌళ్ళు. మీ వంటింట్లో ఐదు లీటర్లకి పైగా చన్నీళ్ళని మరగబెట్టేంత వేడి అది. గ్యాస్ స్టవ్ మీద ఎంతసేపు పడుతుందో మీకే తెలుసు. ఇక్కడ నాలుగైదు సెకన్లలో ఆ వేడంతా చక్రాల దగ్గరున్న ఇనప డిస్కుల్లోకి దిగుతుంది. రెండు నిమిషాలు తిరిగేసరికి మళ్ళీ అదే చోటు, మళ్ళీ ఐదు లీటర్లు. ఇలా ఇరవై నిమిషాలు.

ఆ వేడి డిస్కునుంచి ప్యాడ్‌కి, ప్యాడ్‌నుంచి బ్రేక్ ఆయిల్‌కి పాకుతుంది. పేరుకి ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు, గాలిలో తేమని పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ ప్రమాణం 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 140కే. మీ కారులో ఉన్నది ఎన్నేళ్ళనాటిదో మీకు తెలుసా? మరిగితే అందులో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే నలగదు, అందుకే మన కాలి బలం చక్రం దాకా చేరుతుంది. ఆవిరిని నొక్కితే నలిగిపోతుంది. పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోతుంది, కారు మాత్రం పోతూనే ఉంటుంది. వెనక స్ట్రెయిట్ చివర ఆ అనుభవం ఎలా ఉంటుందో ఊహించుకోండి. అప్పుడు మీ ఇరవై గుర్రాలు మిమ్మల్ని గోడ దగ్గరికి కాస్త ముందు చేరుస్తాయి, అంతే ఉపయోగం.

300 డిగ్రీలు దాటినా మరగని బ్రేక్ ఆయిల్ బజార్లో దొరుకుతుంది. పాతది తోడించి అది పోయించడానికయ్యే ఖర్చు మీ సైలెన్సర్ ఖరీదులో పదోవంతు కూడా ఉండదు. కానీ ఏం లాభం? ఫొటోలో కనపడదు, వీడియోలో వినపడదు. అదే దాని నేరం.

మిగతా తయారీ కూడా ఇలాంటిదే, ఆర్భాటం లేనిది. ప్యాడ్లు కనీసం సగం మందమైనా ఉండాలి. ప్యాడ్ కాలిపోతే పెడల్ గట్టిగానే ఉంటుంది గానీ కారు ఆగదు, ఆయిల్ మరిగితే పెడలే పోతుంది. ఆ రెండింటికీ తేడా తెలిసుండాలి. టైరు పక్క గోడ మీద చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గీతలు బాగానే ఉన్నా రబ్బరు ముసలిదైపోయి ఉండొచ్చు. కొత్తవాడికి బంకలా పట్టుకునే ట్రాక్ టైర్లు అక్కర్లేదు. మామూలు మంచి టైరు పట్టు జారబోయేముందు కీచుమని అరిచి చెబుతుంది, ఆ అరుపే మన మొదటి పాఠం. చక్రాల నట్లు టార్క్ రెంచితో బిగించి, ప్రతి విడతకీ ముందు మళ్ళీ చూడాలి. గాలి వేడెక్కి పెరుగుతుంది కాబట్టి పొద్దున్నే కొలుచుకోవాలి, దిగగానే కొలుచుకోవాలి. కార్‌లో ఉన్న నీళ్ళ సీసాలు, పిల్లల బొమ్మలు, డ్రైవరు కాళ్ళకింది పట్టా అన్నీ తీసేయాలి. బొమ్మ దొర్లివచ్చి బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. హెల్మెట్ మీద ఎస్ఏ అని స్నెల్ వాళ్ళ ముద్ర ఉండాలి. మోటార్ సైకిల్ హెల్మెట్‌ని చాలా క్లబ్బులు ఒప్పుకోవు, దానికి మంటల పరీక్ష ఉండదు మరి. విడత అయ్యాక చివరి ల్యాపు నెమ్మదిగా తిరిగి బ్రేకులు చల్లార్చుకోవాలి. కారు నిలిపాక హ్యాండ్ బ్రేక్ వెయ్యకూడదు, కాలుతున్న డిస్కుకి ప్యాడ్‌ని అదిమిపెట్టినట్టవుతుంది. గేరులో ఉంచి చక్రానికి అడ్డం పెడితే చాలు.

ఇదంతా కారు తయారీ. అసలు కష్టం మనిషిని తయారుచేయడంలో ఉంది.

ఇన్నాళ్ళూ మనం నేర్చుకున్న డ్రైవింగ్‌లో భయమేస్తే కాలు తీసేయడం అలవాటు. మలుపు మధ్యలో, పట్టు అంచున ఉన్నప్పుడు ఠక్కున కాలు తీస్తే బరువంతా ముందుకి ఒరుగుతుంది, వెనక చక్రాలు తేలికైపోతాయి, కారు బొంగరంలా తిరుగుతుంది. టైరు పట్టు మన చేతిలో ఉన్న ఒక్క రూపాయి అనుకోండి. అంతా బ్రేకుకి ఖర్చుపెట్టేస్తే మలుపుకి మిగిలేది సున్నా. అందుకే తిన్నగా ఉన్నప్పుడే బ్రేకు, ఆ తర్వాత నెమ్మదిగా వదులుతూ మలుపు, మలుపు విప్పుకున్నకొద్దీ యాక్సిలరేటర్. తిరిగిపోవడం ఖాయమని తెలిశాక క్లచ్చూ బ్రేకూ రెండూ పూర్తిగా తొక్కేయాలి. ఈ వాక్యాలు చదవడం సుళువు. ఒంట్లోకి ఎక్కడానికి గురువు కావాలి.

ఇక్కడే మనవాళ్ళకి ఇబ్బంది వస్తుంది. పక్క సీట్లో కూర్చునే ఆయన డెబ్భై ఏళ్ళ రిటైర్డ్ మాస్టారు కావచ్చు, మీ చెల్లెలి వయసు అమ్మాయి కావచ్చు. "బ్రేక్, బ్రేక్, ఇంకా బ్రేక్" అని గద్దిస్తుంటే నోరెత్తకుండా వినాలి. ఈలోపు వెనక అద్దంలో ఒక బుల్లి మియాటా ప్రత్యక్షమవుతుంది. మీరున్నది 450 గుర్రాల కారులో. అది నాలుగు సిలిండర్ల బొమ్మ కారు, మీ సగం గుర్రాలు కూడా ఉండవు. స్ట్రెయిట్ రాగానే చెయ్యి బయటపెట్టి దానికి దారివ్వాలి. ఇవ్వాలంటే యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తగ్గించాలి కూడా, లేకపోతే అది దాటలేదు. ఆ ఒక్క చేతి సైగ మీకు చేతనైతే మీరు ట్రాక్‌కి తయారైనట్టే. చేతకాకపోతే ఎన్ని గుర్రాలున్నా వెళ్ళకండి. ఇంట్లో కంప్యూటర్ మీద ఆడుకోవడం మేలు.

నాది ఏడేళ్ళ సివిక్. 158 గుర్రాలు. ఈ జవాబు వినగానే కుర్రాళ్ళ మొహాల్లో కనిపించే జాలికి నేను అలవాటు పడిపోయాను. మనం ఆఫీసులో పరీక్షించకుండా ఒక్క లైను కోడు ప్రొడక్షన్‌లోకి తోసినా కేకలేస్తాం. వెనక్కి తీసుకునే దారి ఉందా అని పదిసార్లు అడుగుతాం. తీరా మన ప్రాణం దగ్గరికొచ్చేసరికి నేరుగా ప్రొడక్షనే.

డబ్బు సంగతి కూడా తేల్చేద్దాం. మామూలు కారు ఇన్సూరెన్సుల్లో చాలావాటికి ట్రాక్ మీద జరిగే నష్టం వర్తించదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పాలసీ తెరిచి ఆ పేజీ చదివినవాళ్ళని నేను చాలా తక్కువమందిని చూశాను. ఆ ఒక్క వారాంతానికి విడిగా ఇన్సూరెన్సు దొరుకుతుంది. అదీ సొంత కారు నష్టానికే గానీ అన్నిటికీ కాదు, చదువుకుని తీసుకోవాలి. అది కూడా లేకుండా అప్పు మీద కొన్న కారు తీసుకెళ్తే, కారు పోయినా కంతులు మాత్రం నెలనెలా వస్తూనే ఉంటాయి. గుంటూరులో నాన్నగారు పొలం మీద తెచ్చిన అప్పుకి ఇది ఇంకో అప్పు. "ఈ కారు ఈ రోజే పోతే నేను నవ్వుతూ ఇంటికెళ్ళగలనా?" అని అడుగుకుని, లేదని వస్తే ఆగిపోవాలి. ఇది పిరికితనం కాదు, తయారీలో భాగం.

ఇక పెద్దలకి.

అయ్యా, అమ్మా, మీ భయం అర్థమైంది. ట్రాక్ మీద ప్రమాదం లేదని నేననను. కార్లు పాడవుతాయి, మనుషులు పోయిన సందర్భాలూ ఉన్నాయి. లోపలికి వెళ్ళేముందు సంతకం పెట్టించుకునేది అందుకే. కానీ మీ భయం ఒకవైపే ఎందుకు పనిచేస్తోందన్నది నా ప్రశ్న. మీరు ఐ-85 మీద ఎనభైలో పోతూ, ఒక చేత్తో ఇండియా ఫోను మాట్లాడుతూ, వెనక సీట్లో పిల్లలకి మురుకుల డబ్బా అందిస్తుంటే అది సంసారపక్షం. నేను హెల్మెట్ పెట్టుకుని, ఎదురుగా వచ్చే బండి గానీ అడ్డంగా వచ్చే మనిషి గానీ లేని చోట, ప్రతి మలుపు దగ్గరా జెండా పట్టుకుని మనిషి నిలబడి, అంబులెన్సు సిద్ధంగా ఉన్నచోట, పక్కన గురువుని కూర్చోబెట్టుకుని నడిపితే అది పోయేకాలం!

అంకెలు చూడండి. 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో నూటికి డెబ్భై పైచిలుకు మరణాలకి అతివేగం కారణమని ప్రభుత్వ నివేదికే చెప్పింది. అదే ఏడు అమెరికాలో 42 వేల మందికి పైగా పోతే, అందులో సుమారు 12 వేల మరణాలు వేగంతో ముడిపడినవి. ఇవన్నీ ట్రాకుల మీద జరిగినవి కావు. పాలకో, పెళ్ళికో, ఆఫీసుకో వెళ్ళే రోడ్ల మీద జరిగినవి. మన తెలుగు సంఘాల గుంపుల్లో కొన్నాళ్ళకోసారి ఒక ఫొటో వస్తుంది. పాతికేళ్ళ కుర్రాడో అమ్మాయో, కిందటేడే వచ్చారు, హైవే మీద ప్రమాదం, శరీరాన్ని ఊరికి పంపడానికి చందాలు. మనం యాభై డాలర్లు వేసి, చేతులు జోడించిన బొమ్మ పెట్టి, మర్నాడు అదే రోడ్డు మీద అదే వేగంతో వెళ్తాం. ఆ టైర్లు ఎప్పటివో ఎవరమూ చూడం.

జార్జియాలో పుట్టి పెరిగిన పదహారేళ్ళ పిల్లకి లైసెన్సు కావాలంటే 30 గంటల తరగతి పాఠం కావాలి. 2007నుంచి జాషువాస్ లా అని చట్టమే ఉంది. పైగా పెద్దవాళ్ళని పక్కన పెట్టుకుని 40 గంటలు నడపాలి, అందులో 6 గంటలు రాత్రిపూట. పాతికేళ్ళకి విమానం దిగిన మనకి ఆ బెడద లేదు. అమీర్‌పేటలో పదిహేను రోజుల డ్రైవింగ్ స్కూలు, ఇక్కడ ఒక రాత పరీక్ష, ఖాళీ స్థలంలో ఒక రోడ్డు పరీక్ష. తడి రోడ్డు మీద ఎగ్జిట్ వంపులో కారు జారితే కాలు ఏం చెయ్యాలో మనకి ఎవరూ నేర్పలేదు, మనమూ అడగలేదు. వేగానికి ప్రభుత్వం మనకి నేర్పే పాఠం ఒకటే, జరిమానా. 2010నుంచి జార్జియాలో ఏ రోడ్డు మీదైనా 85 దాటి పట్టుబడితే మామూలు జరిమానాకి తోడు ఇంకో 200 డాలర్లు. వర్జీనియాలో 85 దాటితే ఏకంగా క్రిమినల్ కేసు. వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ మాట ఎంత బరువో చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నా మీద వేయదగిన గట్టి రాయి ఒకటుంది, అది నేనే వేసుకుంటాను. "ట్రాక్ నేర్చుకున్నవాడు ఆ పొగరుతో రోడ్డు మీద ఇంకా చెలరేగుతాడు కదా?" ఇది కొట్టిపారేయదగ్గ మాట కాదు. నార్వేలో కొత్త డ్రైవర్లకి జారుడు రోడ్ల మీద శిక్షణ ఇచ్చి చూశారు. 1980లలో లెక్కలు తీస్తే ఆ శిక్షణ పొందిన కుర్రాళ్ళలో జారుడు ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయని తేలింది. చేతికి కాస్త విద్య అబ్బగానే తలకి అంతకి పదింతల ధీమా ఎక్కుతుంది. అందుకే నేను గుర్రాల గొడవని ఇంతగా తిట్టేది. బ్రేకులూ, జెండాలూ, దారిచ్చే సైగా, గురువు మాట వినడమూ లేకుండా వట్టి వేగం మాత్రం ఇంటికి తెచ్చుకునేవాడు వెళ్ళకపోవడమే అందరికీ మంచిది. తయారీ సరిగ్గా చేసుకున్నవాడికి మాత్రం 120 దగ్గర ఆగడానికి ఎంత రోడ్డు ఖర్చవుతుందో పాదానికి తెలుస్తుంది. తెలిశాక ముందు కారుకి ఆరడుగుల దూరంలో ఎనభైలో అంటుకుని వెళ్ళడానికి ఆ పాదమే ఒప్పుకోదు.

కాబట్టి కుర్రాళ్ళకి నా షరతు: గుర్రాలు కొనేముందు బ్రేక్ ఆయిల్, ప్యాడ్లు, టైర్లు, హెల్మెట్, ఆ వారాంతపు ఇన్సూరెన్సు. ఈ ఐదూ పూర్తయ్యాక నన్ను అడగండి, కలిసి వెళ్దాం. పెద్దలకి నా షరతు: నన్ను తిట్టండి, కాదనను. కానీ తిట్టేముందు ఒక్కసారి గరాజ్‌లోకి వెళ్ళి వంగి మీ టైరు మీద ఆ నాలుగు అంకెలు చదవండి. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో రశీదు వెతకండి. దొరికితే రండి, కూర్చుని వాదించుకుందాం. దొరకకపోతే మాత్రం, రేపు పొద్దున్న పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని హైవే ఎక్కబోయేది మీరు. ట్రాక్‌కి వెళ్ళేవాణ్ణి గేటు దగ్గర ఆపి కారు చూసేవాళ్ళున్నారు. మీ గేటు దగ్గర ఎవరున్నారు?